కాలయంత్రాన్ని తెలుగువారికి చూపిన సింగీతం శ్రీనివాసరావు



నేను ఉద్యోగరీత్యా ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ వర్సాన్‌లో నివసిస్తున్నాను. ఇక్కడి ఇంటర్నేషనల్ సిటీలో ఇళ్ళ సముదాయాలకు దేశాల పేర్లు పెట్టారు. ఒక ప్రక్క ఇంగ్లండు, మరొక ప్రక్క రష్యా, ఇంకొంచెం ముందుకు పోతే చైనా, పర్షియా. కొద్ది నిమిషాలు నడిస్తే దేశం మారిపోతుంది. సాయంకాలం దీపాలు వెలిగినప్పుడు చూస్తే ఎవరో పెద్ద దర్శకుడు సినిమా తీయడానికి వేయించిన సెట్టులాగే ఉంటుంది.

మా భవనంలో నిజామాబాదు జిల్లా నుండి వచ్చిన ఒక తెలుగు సోదరుడు ఉన్నాడు. ఒక సెలవుదినాన అతడు క్రింద మెట్లమీద కూర్చుని తన ఫోనులో "ఆదిత్య 369" చూస్తున్నాడు. నేను కూడా ఆగి కాసేపు చూశాను.

"మేడం, మీరు తెలుగు మంచిగ మాట్లాడుతున్నరు. మీది ఏ ఊరు?" అని అడిగాడు.

"డర్బన్" అన్నాను.

"అది గాదు మేడం. అసలు ఊరు?"

నా దగ్గర జవాబు లేదు. మా ముత్తాత పేరు ఓడ చిట్టాలో ఉన్నది. ఆయన ఊరి పేరు కూడా ఉన్నది. కాని చెవికి వినబడినట్లు ఆనాటి గుమాస్తా ఇంగ్లీషులో వ్రాసిన ఆ అక్షరాలు నేను వెదకిన ఏ ఊరి పేరుకూ సరిపోలేదు. ఇదంతా చెబితే ఆ సోదరుడు ఫోనులోని బొమ్మను చూపించి, "ఈ మిషిను ఉంటే పోయి చూసి రావచ్చు మేడం" అని నవ్వాడు. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం.

సినిమా గురించి మన పత్రికలో వ్రాయడం తగునా అని కొందరు పెద్దలు అడగవచ్చు. భజన, కోలాటం, పద్యం సంస్కృతి గాని సినిమా కాలక్షేపం అని మన సభలలో తరచుగా వింటూ ఉంటాము. అయితే సింగీతం శ్రీనివాసరావుగారి చలనచిత్ర జీవితాన్ని పరిశీలిస్తే ఆ గీత అంత తేలికగా గీయడానికి వీలులేదని తెలుస్తుంది.

ఆయన 1931 సెప్టెంబరు 21న నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించారు. మన దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడినది కూడా ఆ 1931లోనే. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకున్న తరువాత ఆయన సూళ్ళూరుపేటలో బడిపంతులుగా పనిచేశారు. అక్కడ విద్యార్థులచేత నాటకాలు ఆడించారు. సూళ్ళూరుపేట అంటే శ్రీహరికోటకు దగ్గరి రైలుస్టేషను ఉన్న ఊరు. 1971 నుండి భారతదేశపు రాకెట్లు లేచేది ఆ శ్రీహరికోట నుండియే. కాలయంత్రం కథను తెలుగు తెరకెక్కించబోయే మనిషి ఆ ప్రాంతంలోనే పిల్లలకు పాఠాలు చెప్పాడని తలచుకుంటే తోటి ఉపాధ్యాయురాలిగా నాకు ముచ్చట వేస్తుంది.

సినిమాలలో ఆయన గురువు కె.వి.రెడ్డిగారు. 1957లో విజయావారి "మాయాబజార్"కు సింగీతం సహాయకులుగా పనిచేశారు. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆనాడు కంప్యూటరు లేదు. చిన్న చిన్న ఇళ్ళ నమూనాలతో ద్వారకను నిలబెట్టారు. దీపాలతోనే వెన్నెల కురిపించారు. కెమెరా ఆపి, మరల నడిపి, ఘటోత్కచుని ముందున్న భక్ష్యాలు వాటంతట అవే కదిలేటట్లు చేశారు. కళ్ళను నమ్మించే విద్య అంతా ఆ బడిలోనే ఆయనకు అబ్బింది.

ఆ చిత్రంలో "ప్రియదర్శిని" అనే పెట్టె ఒకటి ఉన్నది. మూత తెరిస్తే, చూచేవారికి ఏది ప్రియమో అది అందులో కనబడుతుంది. శశిరేఖకు ఎక్కడో దూరాన ఉన్న అభిమన్యుడు కనబడతాడు. మన దక్షిణాఫ్రికాలో టెలివిజను ప్రసారాలు మొదలైనది 1976లో. అంతకు 19 ఏండ్ల ముందే తెలుగు పురాణకథలో ఆ పెట్టె ఉన్నది! ఈనాడు మా భవనంలోని సోదరులు రాత్రి పని ముగించుకుని ఫోనులో భార్యాబిడ్డల ముఖాలు చూస్తుంటే నాకు ప్రియదర్శినియే గుర్తుకు వస్తుంది. సైన్సు కథ అనేది మనకు పడమటి నుండి క్రొత్తగా వచ్చిన వస్తువు అనుకుంటాము గాని దానికి కావలసిన ఊహ మన అవ్వలు చెప్పిన కథలలోనే ఉన్నది.

దర్శకునిగా సింగీతం తొలి చిత్రం 1972లో వచ్చిన "నీతి నిజాయితి". 1974లో రాజాజీ కథ ఆధారంగా తమిళంలో "దిక్కట్ర పార్వతి" తీశారు. త్రాగుడువల్ల ఒక పేద కుటుంబం పాడైపోయే కథ అది. ఉత్తమ తమిళ చిత్రంగా దానికి జాతీయ బహుమతి లభించింది. చెరకుతోటల బారకాసులలో సారా చేసిన చెరుపు తెలిసిన మనకు ఆ కథను వేరుగా వివరించనక్కరలేదు. తరువాత "తరం మారింది", "పంతులమ్మ" వంటి సాంఘిక చిత్రాలు వచ్చాయి. ఇంతవరకు చూస్తే ఆయన మంచి కథలు చెప్పే దర్శకుడు. అటుపిమ్మట ఆయన చిత్రానికొక క్రొత్త కష్టాన్ని కోరి నెత్తిన పెట్టుకున్నారు.

1987లో "పుష్పక విమానం" వచ్చింది. మాటల చిత్రాలు పుట్టి అర్ధశతాబ్దం దాటిన తరువాత, ఒక్క సంభాషణ కూడా లేని చిత్రం! చప్పుళ్ళున్నాయి, సంగీతమున్నది, మాట మాత్రం లేదు. కమలహాసన్ వేసిన నిరుద్యోగి పాత్ర దొంగచాటుగా ఒక ధనవంతుని స్థానంలో పెద్ద హోటలులో చేరుతుంది. అక్కడి పట్టుపరుపుమీద అతనికి నిద్ర పట్టదు. తన పాత వాడలోని చప్పుళ్ళను టేపురికార్డరులో పట్టుకుని వచ్చి, వాటిని వింటూ నిద్రపోతాడు. ఊరు విడిచిన వాని బాధను ఇంతకంటె క్లుప్తంగా చెప్పిన దృశ్యాన్ని నేను చూడలేదు. చివరకు ప్రేమించిన అమ్మాయి గులాబీతోబాటు విసరిన చీటీ గాలికి ఎగిరి మురుగుకాలువలో పడిపోతుంది. మా ముత్తాత ఊరిపేరుకూ దాదాపు అదే గతి పట్టింది. ఈ చిత్రానికి కూడా జాతీయ బహుమతి వచ్చింది.

1989లో తమిళంలో "అపూర్వ సహోదరర్గళ్" తీశారు. తెలుగులో అది "విచిత్ర సోదరులు". అందులో కమలహాసన్ మరుగుజ్జుగా కనబడతారు. కాళ్ళు మడిచి మోకాళ్ళకు ప్రత్యేకంగా చేయించిన బూట్లు తొడిగారు. కొన్ని దృశ్యాలకు నేలలో గుంట త్రవ్వి కాళ్ళను దాచారు. కెమెరాను నిలిపే కోణాన్ని లెక్కకట్టి పెట్టారు. బూట్లు, గుంట, లెక్క: ఇదీ ఆయన మంత్రం. ధనం తక్కువైనచోట బుద్ధి ఎక్కువగా పనిచేయాలన్న సంగతి మన పెద్దలకు తోటలలోనే తెలుసు.

ఇక 1991 జులైలో విడుదలైన "ఆదిత్య 369". ఇంగ్లీషు రచయిత హెచ్.జి.వెల్స్ 1895లో ప్రచురించిన కాలయంత్రం నవల దీనికి ప్రేరణ. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, సంగీతం ఇళయరాజా, మాటలు జంధ్యాల. బాలకృష్ణ ఈనాటి యువకునిగాను, శ్రీకృష్ణదేవరాయలుగాను నటించారు. యంత్రం మొదట క్రీ.శ.1526 నాటి విజయనగరానికి పోతుంది. అక్కడి నుండి తిరిగి ఇంటికి రాబోయి దారి తప్పి 2504లో తేలుతుంది. అప్పటికి అణుయుద్ధంతో భూమి పాడైపోయి మనుషులు నేల క్రింద బ్రతుకుతుంటారు. వర్తమానానికి పి.సి.శ్రీరామ్, గతానికి వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తుకు కబీర్‌లాల్ ఛాయాగ్రహణం చేశారు. అందువల్ల ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క వెలుగు ఏర్పడింది.

వెల్స్ కథానాయకుడు తిన్నగా భవిష్యత్తులోకే పోతాడు. సింగీతం యంత్రం మాత్రం ముందు రాయలవారి కొలువుకు పోయి నమస్కరించి, ఆ తరువాతనే ముందుకు కదులుతుంది. ఆయన మనకు నేర్పేది ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ చిత్రాన్ని నేను మొదట చూచినది 1990ల తొలినాళ్ళలో, డర్బన్‌లో మా ఇంట్లో, అరువు తెచ్చిన వీడియో క్యాసెట్టులో. నాకప్పుడు ఇరవై దాటాయి. తెలుగు పది మాటలు కూడా రావు. యంత్రం, ఏనుగులు, కొలువు, భూగర్భనగరం అన్నీ కళ్ళార్పకుండా చూశాను. కొలువులో తెనాలి రామకృష్ణుడు మాట్లాడినప్పుడు మా అవ్వ పకపక నవ్వింది. "ఏమన్నాడు?" అని ఇంగ్లీషులో అడిగాను. అవ్వ చెప్పబోయి, ఆగి, "చెప్తే నవ్వు రాదే" అన్నది. చెరకుతోటలో పుట్టి, బడి గడప త్రొక్కని అవ్వ రాయలవారి కొలువులోకి దర్జాగా నడిచిపోయింది. పట్టా పుచ్చుకున్న నేను గుమ్మం బయట నిలబడిపోయాను. ఆ మరుసటి నెలలోనే మన సంఘంవారి తెలుగు తరగతిలో చేరి, చిన్నపిల్లల సరసన అ ఆలు దిద్దాను. నన్ను తెలుగులోకి పంపినది ఆ యంత్రమే.

తరువాత కూడా సింగీతం ఊరకుండలేదు. 1994లో "భైరవద్వీపం"తో జానపదానికి తిరిగి వెళ్ళారు. 2008లో ఘటోత్కచుని కథను పిల్లలకోసం కదిలే బొమ్మల చిత్రంగా తీశారు. 2024లో నాగ్ అశ్విన్ తీసిన "కల్కి 2898 ఏడీ"కి, తొంభై దాటిన వయస్సులో, సలహాదారుగా తోడ్పడ్డారు. ఆ భవిష్యత్ కథలో నడిచివచ్చేది మహాభారతంలోని అశ్వత్థామ. 2025 ఏప్రిల్‌లో "ఆదిత్య 369" మరల థియేటర్లకు వచ్చింది.

ఇక్కడ ఆదివారాలు నేను కొందరు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వారికి ఈ రెండు చిత్రాలూ చూపించాను. "పుష్పక విమానం"కు అందరూ ఒక్కసారే నవ్వారు. ఎందరెక్కినా పుష్పకంలో మరొకరికి చోటుంటుందని మన పెద్దల మాట. మాట లేని చిత్రంలోనూ అంతే, అందరికీ చోటున్నది. కాని "ఆదిత్య 369"లో కొలువు దృశ్యం రాగానే ఒక పాప నా చేయి లాగి, "ఏమన్నాడు టీచర్?" అని ఇంగ్లీషులో అడిగింది. అవ్వ మాట గుర్తుకు వచ్చి నేనూ ఆగిపోయాను. తరువాత బొమ్మను నిలిపివేసి, ఆ ఒక్క వాక్యాన్ని పలకమీద వ్రాసి, మాటమాటకూ అర్థం చెప్పాను. పది నిమిషాలు పట్టింది. మరల ఆడించినప్పుడు ఆ పాప నవ్వింది.

1860లో ట్రూరో ఓడతో మొదలై 1911వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పందకూలీలుగా నేటాల్ చేరారు. వారిలో మనవారి ఊళ్ళన్నింటినీ వెదకి కనుగొనడం ఈనాడు సాధ్యం కాకపోవచ్చు. మా ముత్తాత ఊరు నాకు ఇకమీదట దొరకకపోవచ్చు. కాని ఆయన మాట్లాడిన భాష దొరికింది. కనుక మన సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. తెలుగు తరగతిలో సినిమాను చూపించండి, సిగ్గుపడకండి. అయితే బొమ్మతో ఆపకండి. నవ్వు వచ్చేచోట నిలిపి, ఆ వాక్యాన్ని పలకమీద వ్రాయండి.