రంగము రేవులో తెలుగువాని బస

విశాఖపట్టణమునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయి, దూరమునుండియే ఓడలకు రేవుయొక్క ఉనికిని తెలుపుచు నిలిచిన యారాడ కొండకు ఆంగ్లనావికులు డాల్ఫిన్ నోస్ అని పేరిడిరి. ఆ కొండకు ఆవలిప్రక్క, మూడువైపుల కొండలును నాలుగవవైపు బంగాళాఖాతమును ఆవరించియుండగా ఒదిగియున్న యారాడ గ్రామము నేడు విహారార్థులకు నెలవైనది. కాని ఒక శతాబ్దమునకు పూర్వము, బ్రతుకుతెరువు వెదకికొనుచు బర్మాదేశపు రేవునగరమగు రంగము (రంగూను) ఓడ నెక్కిన తెలుగు కూలివానికి, తీరమంతయు నీటిలో మునిగిపోయినట్లు తోచిన పిదపను కొంతసేపు కన్నుల కానిన స్వదేశభాగము ఈ కొండయే. రేవుల చరిత్రలు వ్రాయువారు ఓడల పరిమాణమును, సరకుల విలువను, సుంకముల ఆదాయమును సవిస్తరముగా వ్రాయుదురు. ఓడ దిగిన మనుజుడు ఆ రాత్రి ఎచ్చట తలవాల్చెనో వ్రాసినవారు అరుదు. ఒక నగరము తనకడకు వచ్చిన పరదేశిని మనుష్యునిగా నెంచినదో, కేవలము రెండు చేతులుగా నెంచినదో నిర్ణయించుటకు ఆ రాత్రి బసకంటె నమ్మదగిన సాక్ష్యము వేరొకటి లేదని నా విశ్వాసము.

బాటసారికి నీడ నిచ్చుట మన దేశమున పుణ్యకార్యముగా పరిగణింపబడినది. మదరాసు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే నెలలో నూరుమందికి దగ్గరగ పరివారముతో కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా పోయి, గయ, కలకత్తా, జగన్నాథము, ఉత్తరాంధ్ర తీరముల దారిని 1831వ సంవత్సరము సెప్టెంబరులో తిరిగివచ్చుచు, ప్రతి మజిలీయందును బస దొరకు విధమును, నీటివసతిని, అంగళ్ళను శ్రద్ధతో లిఖించుకొనుట, ఆ కాలపు ప్రయాణికునకు బసయే ప్రయాణములో సగమని తెలుపుచున్నది. ధనికులు సత్రములు కట్టించిరి. జమీందారులు వాటికి మాన్యము లిచ్చిరి. విశాఖలో పూర్ణామార్కెట్టు చేరువనున్న సత్రము, పూర్వము ఈ జిల్లాను పాలించిన కలెక్టరు టర్నరు పేరుతో నేటికిని ప్రసిద్ధమై యున్నది. ఇట్టి ఆచారము గల సీమనుండి వెడలినవారు సముద్రమున కావల ఎట్టి నీడను పొందిరో తెలిసికొనుట మన ధర్మము.

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన పిదప, ముఖ్యముగా 1869లో సూయజు కాలువ తెరవబడిన మీదట, ఐరావతీ మండలపు ధాన్యమునకు ప్రపంచపు విపణులలో గిరాకి పెరిగి, కోతకును, మిల్లులకును, రేవులో బస్తాలు మోయుటకును అపారముగా కూలివారు కావలసివచ్చిరి. ఇవతలి తీరమున గంజాము, విశాఖ, గోదావరి జిల్లాలలో కరవులును, అప్పులును, భూమిలేమియు జనమును పీడించుచుండెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, గోపాలపురము రేవులనుండి పొగయోడలు వారిని తరలించుకొనిపోయెను. 1933లో విశాఖలో లోతైన నౌకాశ్రయము వెలయువరకును ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేయుచుండగా, ఇనుపమేకు ఒక్కటియు లేక కొబ్బరిత్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలపై కెరటములను దాటి ప్రయాణికులు ఓడను చేరవలసియుండెను. అటుపిమ్మట కొన్నిదినముల పయనమంతయు ఓడకప్పుపైననే. ఎండయు, వానయు, వాంతులును, తాము కట్టి తెచ్చుకొన్న అన్నమును.

ఓడ దిగినంతనే వారికి దర్శనమిచ్చునది రంగము నగరపు స్ట్రాండు రోడ్డు. నదికి అభిముఖముగా 1901లో సార్కీసు సోదరులు నెలకొల్పిన స్ట్రాండు హోటలు, ఆసియాఖండమున మిక్కిలి పేరెన్నికగన్న వసతిగృహములలో ఒకటిగా వెలుగొందుచుండెను. అందలి తెల్లని గదులు తెల్లవారికే ఉద్దేశింపబడినవి. ఆ హోటలు ముంగిట రేవులో వారి పెట్టెలను, బియ్యపుబస్తాలను మోసినవారిలో అధికులు మన తెలుగువారే. వీరినే అచ్చటివారు కోరంగివారని పిలిచిరి. కోరంగి రేవు 1839 నాటి పెనుతుపానులో నాశనమైనను ఆ పేరు మాత్రము సముద్రముదాటి, తెలుగుజాతి కంతకును అచ్చట బిరుదై నిలిచెను. 1931 జనాభా లెక్కలనాటికి నాలుగు లక్షల జనముగల రంగములో సగమునకు మించి భారతీయులే. బర్మాదేశ మంతటను తెలుగు మాటాడువారు లక్షన్నరకు పైబడిరి. నగరమును మోయుచున్న భుజము లివి. వీరికి నగర మిచ్చిన బస యెట్టిది?

రేవునకు చేరువనున్న వీథులలో, వెడల్పు తక్కువై లోనికి పొడుగుగా సాగిన మేడలలో, గాలియు వెలుతురును ముందును వెనుకను తప్ప మధ్యభాగమునకు చొరని గదులు కూలివారి బసలుగా అద్దె కీయబడుచుండెను. గది కింతమంది యుండవలెనని పురపాలకసంఘము నియమము చేసి, ఆ సంఖ్యను బట్టి అనుమతిపత్రము నిచ్చెడిది; కాని ఆ సంఖ్యకు అనేక రెట్లు జనము ఆ గదిలో పండుకొనుచుండిరి. పగలు రేవులో పాటుపడి వచ్చినవాడు రాత్రి పరుండిన చాపమీదనే, రాత్రి మిల్లులో పనిచేసి వచ్చినవాడు పగలు పరుండెడివాడు. ఆ చాప చల్లబడుట కెన్నడును వ్యవధి దొరకలేదు. వంటపొగ, తడిగుడ్డల వాసన, చాలని మరుగుదొడ్లు, క్షయయు మశూచియు వ్యాపించుటకు అనువైన ఇరుకుతనము, ఇవి ఆ బసలకు స్వభావములైయుండెను. స్త్రీలు మిక్కిలి తక్కువగా వలసపోయిరి గనుక, పిల్లల చప్పుడును పండుగదినపు ముగ్గును ఆ గదులలో అపురూపములు. వలసవారి సంరక్షణశాఖలో అధికారిగా నుండిన ఆండ్రూ 1933లో ప్రకటించిన గ్రంథమును, 1931లో వెలువడిన విట్లీ కార్మిక విచారణసంఘ నివేదికయు ఈ దుస్థితిని స్పష్టముగా లోకమున కెఱిగించినవి.

ఈ దుస్థితికి మూలము ఇండ్లలేమి యొక్కటియే కాదు, మేస్త్రీ విధానము. మేస్త్రీ ఊరికి వచ్చి, ఓడచార్జీని, ఇంటివారికి విడిచిపోవుటకు కొంత పైకమును బయానాగా నిచ్చి, ఆ అప్పుతో మనిషిని కట్టి తీసికొనిపోవును. రంగములో పని చూపువాడు అతడే; కూలి అందుకొని అందులో తన భాగము మినహాయించుకొనువాడు అతడే; బస చూపి అద్దె కోసికొనువాడును పెక్కుమార్లు అతడే. యజమాని, వడ్డీవర్తకుడు, ఇంటిస్వామి, మువ్వురును ఒకే దేహమున నిలిచినప్పుడు, బస బాగులేదని ఫిర్యాదు చేయు కూలివాడు ఎవరికడ మొఱవెట్టుకొనును? గదిని విడిచినచో పనియు పోవును. పని విడిచినచో అప్పు మెడకు చుట్టుకొనును. ధర చెల్లించి హోటలులో దిగిన ప్రయాణికుడు తన ఆశాభంగమును చెప్పి మరొక హోటలునకు పోగలడు. వీరు ధరయు చెల్లించిరి, ఆశాభంగమును భరించిరి. వెడలిపోవు స్వాతంత్ర్య మొక్కటి వీరికి లేకుండెను. దారిద్ర్యముకంటె ఈ స్వాతంత్ర్యలోపమే ఆ బసలలోని ఘోరమని నేను తలతును.

ఆ ఇరుకు గోడలు కనీసము రక్షణము నైనను ఈయలేదని 1930వ సంవత్సరము మే నెల నిరూపించెను. కూలిరేట్లు పెంపవలెనని తెలుగు రేవుకూలీలు సమ్మెకట్టగా, ఓడల కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకొనెను. సమ్మె పరిష్కారమై తెలుగువారు మే 26న పనికి మరలివచ్చినప్పుడు బర్మీయులను పొమ్మనిరి. పేదవానిని పేదవానిపై నిలువబెట్టిన ఆ పనికి ఫలముగా నగరమున మారణకాండ చెలరేగి, తెలుగువారి బసలు ముట్టడింపబడి, వందమందికి పైగా అసువులు బాసిరి. ప్రాణభీతులైన కూలివారు వేలకొలదిగా పాత పిచ్చాసుపత్రి ఆవరణమున తలదాచుకొనిరి. బర్మీయులను నిందించుటకై ఈ మాట వ్రాయుట లేదు. తమ నగరములోనే తాము అల్పసంఖ్యాకులై, తమ రేవులో తమకే పని దొరకక వారును బాధపడిరి. ఇరువురి శ్రమను అగ్గువకు కొనదలచినవారి లెక్కలోనే దోషమున్నది.

1937 ఏప్రిలులో బర్మా భారతదేశమునుండి వేరుపడి, రంగము చట్టరీత్యా పరదేశమయ్యెను. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు ఆ నగరముపై పడగా, లక్షలాది భారతీయులు అరకాను కనుమలగుండను, మణిపురపు అడవులగుండను కాలినడకన స్వదేశమునకు సాగి, దారిలో వేలకొలదిగా నేలకొరగిరి. వారు విడిచిపోయిన ఒడ్డున కెదురుగా విశాఖపట్టణమును 1942 ఏప్రిలు 6న బాంబులకు గురియయ్యెను. 1962 తరువాత బర్మాలో సైనికప్రభుత్వము వర్తకములను జాతీయము చేయగా మిగిలినవారును మరలివచ్చిరి. విశాఖలోని బర్మా క్యాంపు అను పేట ఆ పునరాగమనమునకు నేటికిని నిలిచియున్న చిహ్నము. తరతరముల శ్రమ పిమ్మట వారు తిరిగి చేరినదియు మరొక శిబిరమే.

ఇప్పుడు కాలము తిరుగబడినది. ఉక్కు కర్మాగారమును, రేవులును, నౌకానిర్మాణశాలయు గల విశాఖనగరము తాను కూలివారిని పంపునది కాక, ఒడిశా, బీహారు, జార్ఖండు మొదలగు సీమలనుండి వారిని రప్పించుకొనునదైనది. శాశ్వతోద్యోగులకు ఉక్కునగరమువంటి చక్కని నివాసములు నిర్మించిన దూరదృష్టి ప్రశంసనీయము. కాని గుత్తేదారుల క్రింద వచ్చి పనిచేయువారు ఎట్టి గదులలో ఎందఱు చొప్పున నిద్రించుచున్నారో చూచుట ఎవరి బాధ్యతయో నిర్ణయము కావలెను. రంగమునందు మన తాతలకు జరిగిన అన్యాయమును తలచి కన్నీరు పెట్టుకొనుట సులభము. ఆ అన్యాయమును ఎఱిగిన జాతికి తగిన పని వేరొకటి కలదు: ఈ తీరమున ఏ నూతన రేవునకు, ఏ కర్మాగారమునకు పునాదిరాయి వేసినను, యంత్రముల లెక్క వ్రాయుటకు ముందే కూలివాని బస లెక్క వ్రాయవలెను, పని చూపువాని చేతిలో ఆ బస తాళపుచెవి ఉండరాదు, గదికి నిర్ణయించిన సంఖ్య కాగితముమీద గాక గదిలో అమలు కావలెను. అతిథిధర్మమును గూర్చి గర్వముగా చెప్పుకొను మనము, పొరుగురాష్ట్రపు కూలివాడు తన ఊరికి పోయి విశాఖ బసను గూర్చి చెప్పుకొను మాటకు బాధ్యులమై యున్నాము.