అక్షరమును పలికిన ఆటబొమ్మలు

బడియీడు రాని బిడ్డకు అక్షరము మొదట చెవికి చేరి, పిదప కంటికి చేరును. పెద్దలు పలుకగా విని, ఆ ధ్వనికి పలకమీద రూపమును వెదకుకొనుట మనమెరిగినదే. చేతబట్టి ఆడుకొను విద్యుద్యంత్రములు పసివారికి చదువు చెప్పబూనిన చరిత్రయు ఈ చెవినుండియే మొదలైనది.

1978లో అమెరికాకు చెందిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ‘స్పీక్ అండ్ స్పెల్’ అను పరికరమును వెలువరించెను. అంతకు పూర్వము మాటలాడు బొమ్మల కడుపులో చిన్న గ్రామఫోను పళ్లెమో, టేపో ఉండెడిది. ఇందులో అట్టిదేమియు లేదు. మానవకంఠ లక్షణములను అంకెలుగా మార్చి భద్రపరుపగా, ఒక్క సిలికాన్ చిప్ వానినుండి మరల కంఠధ్వనిని నిర్మించెను. పెట్టె ఒక మాటను పలుకును. పిల్లవాడు దాని అక్షరములను మీటలపై నొక్కవలెను. అయితే ఇది సుమారు ఏడేండ్లు నిండిన వారికి ఉద్దేశింపబడినది.

అంతకంటె చిన్నవారికి వేరొక చిక్కు కలదు. మన ‘అ’కు పేరును ధ్వనియు ఒక్కటే. ఆంగ్లమున ‘సి’ అను అక్షరము ‘క్యాట్’ అను మాటలో ‘క’ ధ్వని నిచ్చును. అందుచే అక్షరముల పేర్లన్నియు వల్లించిన బిడ్డయు మాటను చదువబోయి తడబడును. కాలిఫోర్నియాలో మైకేల్ వుడ్ అను న్యాయవాది తన కుమారుడిట్లు ఇబ్బందిపడుట చూచి, తాకిన అక్షరము తన ధ్వనిని తానే వినిపించు బొమ్మను తలపెట్టెను. 1990వ దశకము నడుమ ఆయన నెలకొల్పిన సంస్థయే లీప్‌ఫ్రాగ్.

2003లో ఆ సంస్థ ‘లీప్‌స్టర్’ను విడుదల చేసెను. చిన్నపిల్లలకై చేసిన ఈ యంత్రమునకు తాకినచో స్పందించు రంగుల తెరయు, పారవేసుకొనకుండ త్రాటితో కట్టిన కలమును, మార్చుకొనదగిన ఆటల కార్ట్రిడ్జులును ఉండెను. 2005లో హాంగ్‌కాంగ్‌కు చెందిన వీటెక్ సంస్థ ‘వి.స్మైల్ పాకెట్’తో పోటీకి వచ్చెను. చదువురాని బిడ్డకు వ్రాతపూర్వకమైన సూచన నిరుపయోగము. కావున ఈ ఆటలలో తెర ఎంత ముచ్చటగా నున్నను, దారి చూపినది కంఠమే.

2010లో ఐప్యాడ్ వచ్చిన పిమ్మట పెద్దల పలకయే పిల్లల బొమ్మయు నయ్యెను. లీప్‌ఫ్రాగ్ 2011లో పిల్లలకు ప్రత్యేకముగా ఒక టాబ్లెట్‌ను చేసినను నిలద్రొక్కుకొనలేక, 2016లో తన పోటీదారు వీటెక్ చేతిలోనికి పోయెను.

ఆ యంత్రములకు ఓర్పు మెండు. ఒకే ప్రశ్నను నూరుసార్లడిగినను విసుగు లేదు. కాని అవి వినిపించెనే గాని వినలేదు. ‘కాకి నలుపెందుకు?’ అని బిడ్డ ఎదురు ప్రశ్న వేసిన వానియొద్ద జవాబు లేదు. రేడియోలో ప్రసంగించు మాకును ఈ లోపము తప్పదు; శ్రోతల ప్రశ్న మా చెవిని పడదు గదా!

2016లో అమెరికా శిశువైద్యుల సంఘము రెండు మొదలు ఐదేండ్ల పిల్లలకు తెరముందు కాలము దినమునకు ఒక్క గంట మించరాదనియు, ఆ గంటయు పెద్దలు ప్రక్కన కూర్చుండుట మేలనియు సూచించెను. ఇందులో రెండవ మాటయే మనము ముఖ్యముగా గ్రహింపదగినది. ఏ యంత్రమును కొనినను, దాని ప్రక్కన బిడ్డ మాటకు బదులు పలుకు మనిషి ఒకరుండవలెను. అక్షరమునకు ధ్వనిని యంత్రము నేర్పవచ్చును. ఆ ధ్వనితో సంభాషించుట మనమే నేర్పవలెను.