పంటు ఎక్కకుండా వచ్చిన టీవీ

నరసాపురంలో మాధవాయిపాలెం రేవు దగ్గర పంటు ఎక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అక్కడి నుంచి కాస్త ముందుకు వెళ్తే మోరి, జీడిపప్పుకు పేరుపడ్డ ఊరు. మోటారు సైకిలైనా, పెళ్లివారి సామానైనా, ఈ రేవులో వశిష్ఠ గోదావరి దాటాలంటే ఆ పంటే గతి. అలాంటి ఊరు, 2016 డిసెంబరు చివర్లో, రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ నెట్ ఇంటింటికీ అందిన తొలి గ్రామం అనిపించుకుంది. ఫోను, ఇంటర్నెట్, టీవీ, మూడూ ఒకే తీగలో! మా పట్నానికి కాదు, అవతలి గట్టుకి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నాకు భలే సరదాగా ఉంది.

మోరికే ఎందుకంటే, బర్కిలీలో పాఠాలు చెప్పే సాల్మన్ డార్విన్ ఆ ఊరివాడే. ఆయన స్మార్ట్ విలేజ్ ప్రయోగాన్ని సొంతూరికి పట్టుకొచ్చాడు. తీగ కోసం ప్రభుత్వం భూమి తవ్వలేదు, ఖర్చు తగ్గుతుందని కరెంటు స్తంభాల మీదే లాగింది. కొబ్బరిమట్టలు రాలే సీమలో ఇదేం ధైర్యమో! ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి కోవింద్ అమరావతిలో ఈ ఫైబర్ నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయల ప్యాకేజీలో 250 ఛానళ్లన్నారు.

పైకి చూస్తే ఇదీ కేబుల్ లాంటిదే, లోపల పద్ధతే వేరు. కేబుల్లో ఛానళ్లన్నీ కాలువ నీళ్లలా మన గుమ్మం ముందు నుంచి పారుతుంటాయి, కావలసింది తోడుకుంటాం. ఇందులో తూము ఎత్తమని అడగాలి. బటను నొక్కితే సెట్‌టాప్ పెట్టె పైకి కబురు పంపుతుంది, అడిగిన ఛానలొక్కటే ముక్కలు ముక్కలుగా వస్తుంది, కాసిన్ని పోగుపడ్డాకే బొమ్మ పడుతుంది. తెర ఓ క్షణం నల్లబడేది అందుకే. క్రికెట్ నాడైతే మరీ తమాషా. పాత కేబుల్ ఉన్న పక్కింటివాళ్లు "అవుట్!" అని అరిచేసరికి మన బౌలరు ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు.

సర్కారు పల్లెకు టీవీ మోసుకురావడం ఇదే మొదలు కాదు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఈ కథంటే నాకు మక్కువ. 1975 ఆగస్టు 1న 'సైట్' ప్రయోగం మొదలైంది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకు ఎరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెల్లో టీవీ సెట్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ వాటా మెదక్, కర్నూలు వైపు ఊళ్లకు పోయింది, గోదావరి దాకా రాలేదు. సెట్లు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఆకాశం నుంచి బొమ్మను పట్టే మూడు మీటర్ల గొడుగును దేనితో చేశారనుకున్నారు? కోళ్లగూళ్లకు కొట్టే ఇనప వలతో! పొద్దున బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రం ఊరందరికీ రెండున్నర గంటలు. ఒకే బొమ్మతో రెండు భాషల మాటలు పంపే వీలు కూడా ఉండేది. ఇవాళ ఓటీటీలో భాష మార్చుకుంటూ మురిసిపోతున్నాం గానీ, ఆ తెలివి అప్పటిదే.

ఎరువుసొమ్ము ఎన్నాళ్లుంటుంది? 1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెనక్కి పోయింది. సాగు గురించీ, పసిపిల్లల తిండి గురించీ, ఫలానా పల్లెవాళ్లు చూస్తారని తెలిసి తీసిన కార్యక్రమాలవి. ఆ పట్టుదల తర్వాత వచ్చిన 250 ఛానళ్లలో వెతికినా నాకు దొరకలేదు.

తర్వాతి నలభై ఏళ్లూ ఒక్క ఊపున దాటేద్దాం. 1977లో హైదరాబాదు దూరదర్శన్, 1995లో జెమిని, ఈటీవీ, ఆపైన వీధివీధికీ కేబుల్. 2006లో ఉదయ్ రెడ్డి అట్లాంటాలో యప్‌టీవీ పెట్టి, పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఇంటర్నెట్ మీద తెలుగు ఛానళ్లు అందించాడు. అంటే నెట్‌లో తెలుగు టీవీ ముందు సముద్రాలు దాటి, ఆ తర్వాతే వశిష్ఠ దాటిందన్నమాట. 2017లోనే తీగ కూడా అక్కర్లేకుండా కాంతిపుంజంతో ఇంటర్నెట్ పంపే పెట్టెలు రెండు వేలు కొంటామని గూగుల్ ఎక్స్‌తో మన రాష్ట్రం మాట్లాడుకుంది. అదే వెలుగు 2021లో కాంగో నదిని బ్రాజవిల్ నుంచి కిన్షాసాకు దాటింది. మన రేవుకు సరిగ్గా అతికే పని, దాటింది మాత్రం అక్కడ.

ఇన్ని కొత్తవి వచ్చాక పోయినవాటిలో నాకు బెంగంతా కేబులాయన సొంత ఛానల్ మీదే. బట్టలకొట్టు ఆషాఢం తగ్గింపు, తప్పిపోయిన ఆవు కబురు, అంతర్వేది రథం, ఎవరింటిదో పెళ్లి వీడియో, అన్నీ అందులోనే. పెద్ద పెద్ద సినిమాలన్నీ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి, ఇవి లేవు. ఆ రోజుల్లో ఛానల్ నడిపిన ఒకాయన్ని పాత టేపులున్నాయా అని అడిగాను.

"టేపులా? మొత్తం మీద నాలుగైదు ఉండేవండి. రథం మీద పెళ్లి, పెళ్లి మీద ఎలక్షన్ మీటింగు, దాని మీద మళ్లీ రథం. ఆఖర్న మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ తీశాం. అదొక్కటీ ఉంది, చూస్తారా?"