మెట్లెక్కే కండక్టరు, కూర్చున్న డ్రైవరు

 ఇవాళ నేను ఆరోగ్య చిట్కాలు చెప్పబోవడం లేదు. మనందరికీ తెలిసిన ఒక చిట్కా వెనక ఉన్న చరిత్ర చెప్తాను.

ఎక్కువ కాలం ఆరోగ్యంగా బతకాలంటే ఏం చెయ్యాలి అని ఎవర్ని అడిగినా ముందుగా వచ్చే మాట ఒకటే. "ఒళ్ళు కదలాలండీ" అంటారు. డాక్టరు గారూ అదే అంటారు, పక్కింటి పెద్దాయనా అదే అంటారు. ఎంత మామూలు మాటంటే, ఇది తరతరాలుగా శాస్త్రానికి తెలిసిన విషయమే అనుకుంటాం. నిజానికి కాదు. 1950ల మొదట్లో కూడా గుండెపోటు వచ్చిన మనిషిని వారాల తరబడి మంచం మీద నుంచి లేవనిచ్చేవాళ్ళు కాదు. వయసు మళ్ళాక ఒంటికి శ్రమ ఇస్తే గుండె అరిగిపోతుందని చాలామంది డాక్టర్లే నమ్మేవాళ్ళు. మరి ఈ నమ్మకం ఎలా తిరగబడింది? అది తిరగబడింది ఒక బస్సులో. లండన్ సిటీ బస్సులో.

అక్కడికి వెళ్ళేముందు ఒక్క నిమిషం 1700వ సంవత్సరానికి వెళ్దాం. ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ఇంకొకటి చేర్చాడు: "నువ్వు ఏం పని చేస్తావు?" రోజంతా వంగి కూర్చునే దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు కూర్చోవడం వల్లే జబ్బు పడుతున్నారని, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్ళు కదపాలని రాశాడు. కళ్ళతో చూసి చెప్పిన మాట అది. కానీ దాన్ని పెద్ద ఎత్తున లెక్కగట్టి చూపించిన మనిషి చాలా కాలం తర్వాత వచ్చాడు.

ఆ లెక్క కట్టిన మనిషి పేరు జెరెమీ మోరిస్. అందరూ జెర్రీ మోరిస్ అంటారు. 1910లో పుట్టాడు, గ్లాస్గోలో పేదరికం మధ్య పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డాక్టరుగా మన దేశంలో కూడా పనిచేశాడు. యుద్ధం అయ్యాక, 1948 నుంచి లండన్‌లో సమాజ వైద్యం మీద పరిశోధన చేసే ఒక చిన్న ప్రభుత్వ విభాగాన్ని నడిపాడు.

అప్పటి పరిస్థితి ఏంటంటే, బ్రిటన్‌లో నడివయసు మగవాళ్ళు గుండెపోటుతో ఉన్నట్టుండి పడిపోతున్నారు. ఏడాదికేడాదికీ పెరుగుతోంది. ఎందుకో ఎవరికీ తెలీదు. మోరిస్ ముందుగా చేసిన పని చూడండి. లండన్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో 1907 నుంచి 1949 దాకా జరిగిన పోస్టుమార్టం రికార్డులన్నీ తిరగేశాడు. గుండెపోటు చావులు పెరిగాయి కాబట్టి రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం కూడా పెరిగి ఉండాలి కదా? అది పెరగలేదు. అంటే నాళాలు పాడవడం పాత సంగతే. కొత్తగా వచ్చింది ఇంకేదో ఉంది. అది మనుషులు బతికే తీరులో ఉందేమో, చేసే పనిలో ఉందేమో అని ఆయనకి అనుమానం వచ్చింది.

అందుకని రకరకాల ఉద్యోగాల్లో గుండెపోటు ఎవరికి ఎంత వస్తోందో చూడటం మొదలుపెట్టాడు. అందులో ఒకటి లండన్ రవాణా సంస్థ. 35 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న 31,000 మంది మగవాళ్ళు. వాళ్ళలో బస్సు డ్రైవర్లున్నారు, కండక్టర్లున్నారు.

ఇక్కడే ఈ కథలో అందం ఉంది. ఒక పేదవాడినీ ఒక ధనవంతుడినీ పోల్చామనుకోండి, తేడా తిండి వల్ల వచ్చిందో, ఇల్లు వల్ల వచ్చిందో తేల్చలేం. కానీ ఈ డ్రైవరూ కండక్టరూ ఒకే సంస్థ వాళ్ళు. ఒకే రకం పేటల్లో ఉంటారు, జీతాల్లో కూడా పెద్ద తేడా లేదు. ఎక్కేది ఒకే బస్సు. తేడా ఒక్కటే. డ్రైవరు డ్యూటీలో నూటికి 90 వంతులు కూర్చునే ఉంటాడు. కండక్టరుకి కూర్చోవడమే కుదరదు. అవి రెండంతస్తుల బస్సులు. ఒకప్పుడు హైదరాబాద్‌లో తిరిగిన డబుల్ డెక్కర్లు చూసినవాళ్ళకి తెలుస్తుంది, కింద టికెట్లు కొట్టాలి, పైకెక్కి కొట్టాలి, మళ్ళీ దిగాలి. లండన్ కండక్టరు రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడని లెక్క తేలింది.

మరి ఫలితం? ఏడాదిలో పదివేల మంది డ్రైవర్లలో 27 మందికి మొదటిసారి గుండె జబ్బు బయటపడితే, పదివేల మంది కండక్టర్లలో 19 మందికి. అంతే కాదు. కండక్టర్లకి వచ్చినా కాస్త పెద్ద వయసులో వచ్చింది. వచ్చిన వెంటనే చనిపోయినవాళ్ళూ తక్కువ. మొత్తం మీద చావుల లెక్క తీస్తే డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లు సగమే.

లెక్క రాగానే మోరిస్ పత్రికలకెక్కలేదు. ఇది బస్సుకి మాత్రమే సంబంధించిన వింతేమో అని ఆగాడు. తపాలా శాఖ లెక్కలు తెప్పించాడు. సైకిల్ తొక్కుతూ, నడుస్తూ ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లు ఒకవైపు. కుర్చీలో కూర్చునే గుమాస్తాలు, టెలిఫోన్ ఆపరేటర్లు ఇంకోవైపు. అక్కడా అదే కనిపించింది. అప్పుడు 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించాడు. చాలామంది డాక్టర్లు నమ్మలేదు. గుండెపోటుకీ, మెట్లెక్కడానికీ సంబంధమేంటి అన్నారు.

నాకు మోరిస్ మీద గౌరవం పెరిగింది మాత్రం దీని తర్వాత జరిగినదాని వల్ల. తన సిద్ధాంతం మీద తనే అనుమానపడ్డాడు. మెట్లెక్కడం వల్లే కండక్టరు బాగున్నాడా? లేక చురుగ్గా, సన్నగా ఉన్న కుర్రాళ్ళే కండక్టరు ఉద్యోగానికి వెళ్తున్నారా? దీన్ని తేల్చడానికి ఆయన ఎక్కడికి వెళ్ళాడో తెలుసా? యూనిఫాంలు కుట్టించే విభాగానికి. సంస్థ అందరికీ ప్యాంట్లు కుట్టించి ఇస్తుంది కాబట్టి ప్రతి మనిషి నడుము కొలతా అక్కడ రాసి ఉంది. చూస్తే, డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుముల కన్నా పెద్దవి. చిన్న వయసువాళ్ళలోనే ఆ తేడా ఉంది. అంటే ఉద్యోగంలో చేరే నాటికే కొంత తేడా ఉందన్నమాట. తన వాదానికి దెబ్బ తగిలే ఈ సంగతిని ఆయన దాచలేదు. 1956లో అదే లాన్సెట్‌లో తనే ప్రకటించాడు. ఆ తర్వాత పదేళ్ళు ఇంకా లోతుగా చూస్తే, సన్నవాళ్ళని సన్నవాళ్ళతో, లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చినా కండక్టర్లే మెరుగ్గా ఉన్నారని తేలింది.

అయినా అనుమానం పూర్తిగా పోలేదు. ఆ అనుమానానికి గట్టి జవాబు అమెరికా నుంచి వచ్చింది. రాల్ఫ్ పాఫెన్‌బర్గర్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో ఓడరేవులో సరుకు మోసే కార్మికులని, మన విశాఖ పోర్టు భాషలో చెప్పాలంటే కళాసీలని, 6,351 మందిని 22 ఏళ్ళ పాటు గమనించాడు. అక్కడ యూనియన్ నియమం ఒకటుంది. ఎవరు చేరినా ముందు కనీసం అయిదేళ్ళు బరువులు మొయ్యాల్సిందే, ఆ తర్వాతే తేలిక పనికి మారొచ్చు. చూశారా, "బలవంతులే బరువు పనికి వెళ్ళారు" అనే అభ్యంతరం ఇక్కడ చాలావరకు నిలబడదు. 1975లో వచ్చిన ఫలితం ఏంటంటే, బరువు పనిలో ఉన్నవాళ్ళకే గుండెపోటు చావులు బాగా తక్కువ.

సరే, కండక్టరుకీ కళాసీకీ బాగుంది. ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాళ్ళ సంగతేంటి? మోరిస్‌కి ఇదే అసలు ప్రశ్న అయింది. ఎందుకంటే లోకమంతా డ్రైవరు సీటు వైపే వెళ్తోందని ఆయనకి అర్థమైంది. 1968 నుంచి 70 మధ్య వేలమంది ప్రభుత్వ ఉద్యోగుల్ని, అందరూ కుర్చీ ఉద్యోగాల వాళ్ళనే, ఒక సోమవారం పొద్దున కూర్చోబెట్టి, మొన్న శుక్రవారం, శనివారం ఏమేం చేశారో రాయమన్నాడు. తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించాడు. తీరిక వేళల్లో ఊపిరి ఎగదన్నేలా ఏదో ఒక ఆటో వ్యాయామమో చేసినవాళ్ళకి గుండె జబ్బు సగం కన్నా తక్కువగా వచ్చింది. పాఫెన్‌బర్గర్ హార్వర్డ్ పూర్వ విద్యార్థుల మీద చేసిన పనిలో ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడింది. కాలేజీ రోజుల్లో పెద్ద క్రీడాకారులై, తర్వాత మానేసినవాళ్ళకి ఆ పాత ఆట ఏమీ మిగల్చలేదు. ఒళ్ళు కదపడం బ్యాంకులో దాచుకునే సొమ్ము కాదు. ఏ వారం కూలి ఆ వారానిదే.

ఇక పదివేల అడుగుల సంగతి. అది వైద్య పరిశోధనలో తేలిన అంకె కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్‌పో కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుందని ఆ అంకె లోకమంతా పాకింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీల మీద అచ్చయిన అధ్యయనం చూడండి. రోజుకి దాదాపు 2,700 అడుగులు వేసినవాళ్ళ కన్నా 4,400 వేసినవాళ్ళలో చావులు బాగా తక్కువ. సుమారు 7,500 దాకా లాభం పెరుగుతూ పోయి, అక్కడ ఆగింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు "పదివేలు నా వల్ల కాదులే" అని కుర్చీలో కూలబడితే, ఈ అంకె చెప్పండి.

ఇంతవరకూ విని, "అయితే కాయకష్టం చేసేవాళ్ళంతా నిండు నూరేళ్ళు బతకాలి కదా, మరి మన హమాలీలు అలా బతుకుతున్నారా?" అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఈమధ్య చాలా అధ్యయనాలని కలిపి చూస్తే, బాగా బరువు పని చేసే మగవాళ్ళు తొందరగా చనిపోయే ప్రమాదం కాస్త ఎక్కువగానే కనిపించింది. ఎండలో పది గంటలు మూటలు మొయ్యడం, సరైన తిండి లేదు, మధ్యలో విశ్రాంతి లేదు, ఒళ్ళు బాగాలేకపోయినా సెలవు లేదు. దాన్నీ, కండక్టరు మెట్లెక్కడాన్నీ ఒకే గాటన కట్టలేం. కష్టానికి ఒక కొలత ఉండాలి, తర్వాత ఒంటికి కోలుకునే వ్యవధి ఉండాలి.

మోరిస్‌కి ఇది బాగా తెలుసు. ఆయన్ని వ్యాయామం కనిపెట్టిన మనిషి అని పొగుడుతుంటారు గానీ, జీవితమంతా ఆయన పట్టుకున్న అసలు విషయం పేదవాళ్ళు ఎందుకు ముందు చనిపోతున్నారన్నది. ఆ ప్రశ్న మీద బ్రిటన్ ప్రభుత్వం వేసిన బ్లాక్ కమిటీలో నలుగురు సభ్యుల్లో ఆయనొకడు. 1980లో ఆ నివేదిక వచ్చేసరికి ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం దాన్ని 260 ప్రతులు మాత్రమే తీసి, సెలవుల రోజుల్లో చడీచప్పుడు లేకుండా విడుదల చేసింది. ఆయన ఆగలేదు. 2000 సంవత్సరంలో, తొంభై ఏళ్ళ వయసులో, ఇంకో లెక్క కట్టాడు. ఒక యువకుడు ఆరోగ్యంగా బతకాలంటే వారానికి ఎంత డబ్బు కావాలి? తిండి, అద్దె మాత్రమే కాదు. వ్యాయామానికయ్యే ఖర్చు, స్నేహితుల్ని కలవడానికయ్యే ఖర్చు కూడా అందులో వేశాడు. "రోజూ పళ్ళు తిను, ఈత కొట్టు" అని సలహా ఇచ్చేవాళ్ళు, దానికయ్యే డబ్బు ఆ మనిషి చేతిలో ఉందో లేదో చూడాలి అన్నది ఆయన వాదం.

నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తం చెప్తున్న మాట ఇదే. లండన్ కండక్టరు ఆరోగ్యం కోసం మెట్లెక్కలేదు. టికెట్లు కొట్టడానికి ఎక్కాడు. ఆయన సంకల్పబలం ఏమీ గొప్పది కాదు, ఆయన రోజు అలా అమరి ఉంది. ఆ అమరిక కూడా పోయింది. లండన్‌లో కండక్టర్లు తిరిగే పాత బస్సులు 2005 డిసెంబరుతో మామూలు రూట్ల నుంచి తప్పుకున్నాయి. మన ఆర్టీసీలో కూడా డ్రైవరే టికెట్లు ఇచ్చే బస్సులు వచ్చాయి. బావి నుంచి నీళ్ళు తోడే పని పోయింది, రోలు పోయింది, రోకలి పోయింది. ఆ చాకిరీ మళ్ళీ రావాలని నేననను, అది ఎక్కువగా మోసింది ఆడవాళ్ళే. కానీ పోయిన కదలిక స్థానంలో మనం ఏం పెట్టాం?

కొంత మన చేతిలో ఉంది. రెండో అంతస్తుకి లిఫ్ట్ ఎక్కకపోవడం, కూరగాయలకి బండి తియ్యకుండా నడిచి వెళ్ళడం. కొంత మన చేతిలో లేదు. నడవమంటారు సరే, ఫుట్‌పాత్ ఎక్కడుంది? ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరు, బళ్ళు. చీకటి పడితే ఆడపిల్ల ధైర్యంగా నడవగలిగే వీధులెన్ని? కార్పొరేటర్ని ఓటు కోసం వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి. ఇదీ ఆయుష్షుకి సంబంధించిన ప్రశ్నే.

మోరిస్ తను చెప్పింది తను పాటించాడు. ఈత కొట్టాడు, నడిచాడు, తొంభైల్లో కూడా పనికి వెళ్ళాడు. 2009 అక్టోబరులో, వందో పుట్టినరోజుకి కొద్ది నెలల ముందు కన్నుమూశాడు. ఒక మనిషి ఆయుష్షుతో సిద్ధాంతం రుజువు కాదని ఆయనే ముందు చెప్పేవాడేమో. రుజువు ఆ 31,000 మంది రవాణా కార్మికుల లెక్కల్లో ఉంది.

ఇవాళ్టికి ఇంతే అండీ. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఇంతసేపూ కూర్చుని విన్నారు కాబట్టి, ఇప్పుడు లేచి ఒకసారి అటూ ఇటూ నడిచి రండి.