కోలార్ గనిలో దొరికిన న్యూట్రినో

కణాలకు మూలమని చెప్పే క్వాంటమ్ క్షేత్రం నిజంగా ఉన్నదా, లెక్క కుదరడానికి పెట్టుకున్న గుర్తా అన్న వాదం తేల్చుకోవడానికి న్యూట్రినో చరిత్ర బాగా పనికొస్తుంది. అందులో ఒక ముఖ్య ఘట్టం తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే కోలార్ బంగారు గనుల్లో జరిగింది.

కేంద్రకం ఎలక్ట్రానును వెలువరించే బీటా క్షయంలో శక్తి లెక్క తేలకపోవడంతో 1930లో భౌతిక శాస్త్రజ్ఞుడు పౌలీ, అప్పటిదాకా ఎవరూ చూడని ఒక కణాన్ని ఊహించాడు; అదే న్యూట్రినో. 1933-34లో ఫెర్మి దానికి క్షేత్ర సిద్ధాంతంలో చోటిచ్చాడు. ఎలక్ట్రాను, న్యూట్రినో కేంద్రకంలో ముందే దాగి ఉండవనీ, దీపం నుంచి వెలుగు పుట్టినట్టు క్షయం జరిగే క్షణంలోనే పుడతాయనీ అతని ప్రతిపాదన. 1956లో రైన్స్, కోవాన్ అణు రియాక్టరు దగ్గర న్యూట్రినో జాడ పట్టారు.

వాతావరణంలో విశ్వకిరణాల వల్ల పుట్టే న్యూట్రినోలను పట్టడం ఇంకా కష్టం. అదే విశ్వకిరణాల వల్ల పుట్టే మ్యూవాన్ అనే కణాల వానలో వాటి జాడ కలిసిపోతుంది. కోలార్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు 1950ల నుంచే గని లోతుల్లో మ్యూవాన్లను లెక్కిస్తూ వచ్చారు. బాగా లోతుకు దిగేసరికి అవి దాదాపు లేకుండా పోయాయి. 1965లో టాటా, ఒసాకా, డర్హమ్ బృందాలు కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చాయి. ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఆ జట్టులోని వారే. పరికరాన్ని గోడలా నిలువుగా పెట్టడంలోనే ఉంది అసలు తెలివంతా. అంత రాయిని దాటుకొచ్చే మ్యూవాన్లు దాదాపు నిటారుగానే దిగుతాయి. అడ్డంగా వచ్చిన మ్యూవాన్ మాత్రం పక్క రాతిలో న్యూట్రినో తాకిడికి పుట్టిందే అయి ఉండాలి. నియాన్ గొట్టాల్లో వెలిగిన చుక్కల వరుస ఆ దిశను పట్టిచ్చింది. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్స్ బృందమూ ఇలాంటి ఫలితమే సాధించింది.

ఇక మొదటి వాదానికి వస్తే, గొట్టాల్లో కనిపించింది కణం బాటే. అయితే కణాల సంఖ్య అందరికీ ఒకటి కాదు. త్వరణంతో కదిలే పరిశీలకుడికి శూన్యంలోనూ కణాలు కనిపించాలని 1976లో భౌతిక శాస్త్రజ్ఞుడు అన్రూ గణితంతో చూపాడు. క్షేత్రమే మూలమనే వారికి ఇది గట్టి ఆధారం. క్షేత్రం గుర్తు మాత్రమేననే ఎదుటి వాదమూ తీసిపారేయదగింది కాదు: క్షేత్రాన్ని వేరే రాశులతో రాసినా కణాల తాకిడి ఫలితాలు మారవు. అందువల్ల సమీకరణంలోని ఫలానా గుర్తును వాస్తవమనలేం. ఏ గుర్తులతో రాసినా మారకుండా నిలిచే నిర్మాణాన్ని వాస్తవమనడం సబబు.

కోలార్‌లో ప్రయోగాలు 1990ల తొలినాళ్ల దాకా సాగాయి. గనులు 2001లో మూతపడ్డాయి.