కొండగొఱ్ఱెకు ఎవరు చుట్టాలు?



మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు గడుపుదామని కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌కు వెళ్ళి ఉన్నప్పటి ముచ్చట ఇది. ఒక ఆదివారం మమ్మల్ని కారులో పడమటి కొండలలోకి తీసుకువెళ్ళినారు. జార్జ్‌టౌన్ అనే చిన్న ఊరి దగ్గర రహదారి ప్రక్కనే కొండగొఱ్ఱెలను చూచుటకు ఒక వేదిక కట్టి ఉంచినారు. దూరదర్శినిలో కన్ను పెట్టి చూస్తే, నిట్రంగా నిలిచిన రాతిగోడ మీద ఒక పొట్టేలు. దాని కొమ్ములు చెవుల వెనుకగా తిరిగి, దవడల ప్రక్కన చుట్టుకొని, ముందుకు వచ్చినవి. ఆ కొమ్ముల జతయే పదమూడు పదునాలుగు కిలోలు తూగగలదట! ఉరభ్రము, ఏడకము, మేషము, వృష్ణి అని నలభై ఏళ్ళు పిల్లలచేత అమరం వల్లె వేయించినవాణ్ణి. వృష్ణి అనే మాటకు బలిష్ఠమనే అర్థం ఎందుకు చెప్పినారో నాకు ఆనాడు బోధపడింది.

ఇంటికి వచ్చిన తరువాత అసలు కథ మొదలైంది. పదమూడేళ్ళ మా మనవరాలు పుట్టినరోజు కానుకలలో అరవై డాలర్లు దాచుకొన్నది. వాటిని ఆ గొఱ్ఱెల రక్షణకు ఇవ్వాలని దాని కోరిక. మా అల్లుని కచేరీలో పనిచేసే ఒకాయన ఒక సంఘం కరపత్రం ఇచ్చినాడు. ఆయన వేటగాడు, ఆ సంఘంవారూ వేటగాళ్ళే. బడిలో స్నేహితురాలు మరొక సంఘం పేరు చెప్పింది. అది వేటను అంగీకరించనిది. "తాతయ్యా, రెండింటిలో ఏది మంచిది? నువ్వు చెప్పు, దానికే ఇస్తాను" అన్నది.

"చంపేవాళ్ళకు రూపాయి ఇవ్వడమేమిటే? రెండో వాళ్ళకే ఇయ్యి" అన్నాను, క్షణం ఆలోచించకుండా. తరతరాలుగా మాంసం ఎరుగని ఇల్లు మాది. అది నా ముఖంలోకి చూచి, "నీకు తెలిసి చెప్తున్నావా, అనిపించి చెప్తున్నావా?" అన్నది. తరగతిలో పిల్లలను నేను అడిగిన ప్రశ్నయే అది! తెలియదని ఒప్పుకొన్నాను. మరునాటి నుండి ఆ ఊరి గ్రంథాలయం పట్టినాను. అక్కడ తెలుసుకొన్నదే ఈ టపా.

ఉత్తర అమెరికాలో అడవి గొఱ్ఱెలను నాలుగు తెగలుగా లెక్కిస్తారు. అలాస్కా వైపు తెల్లని డాల్ గొఱ్ఱె, బ్రిటిష్ కొలంబియా వైపు నల్లని స్టోన్ గొఱ్ఱె, రాకీ పర్వతాల బిగ్‌హార్న్, నైరుతి ఎడారుల బిగ్‌హార్న్. తెల్లవారు పడమటికి రాకముందు ఇవి ఇరవై లక్షల దాకా ఉండేవని ఒక అంచనా చాలాకాలం ప్రచారంలో ఉన్నది. అది అతిశయోక్తి అని తరువాతి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాని పతనం మాత్రం నిజం. 1960లో బ్యూక్నర్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికా ప్రధాన భూభాగంలో మిగిలినవాటిని 15,000 నుండి 18,200 వఱకు ఉంటాయని లెక్కించినాడు.

ఎందుకు పోయినవి? గని కార్మికుల శిబిరాలకు మాంసం అమ్ముటకై విచ్చలవిడిగా కాల్చివేసినారు, నిజమే. కాని అంతకు మించిన శత్రువు మరొకటి ఉన్నది. మనిషి తోలుకొని వచ్చిన పెంపుడు గొఱ్ఱె! దానికి పెద్దగా హాని చేయని సూక్ష్మజీవులు అడవి గొఱ్ఱెకు సోకితే ఊపిరితిత్తుల వాపుతో మందలు మందలుగా కూలిపోతాయి. గజ్జి సరేసరి. న్యూమెక్సికోలోని శాన్ ఆండ్రెస్ కొండలలో ఎడారి గొఱ్ఱెల కోసమే 1941లో ఒక అభయారణ్యం ఏర్పరచినారు. 1978లో అక్కడ గజ్జి పురుగు వ్యాపించింది. 1997 నాటికి ఆ కొండలన్నింటిలో మిగిలినది ఒక్క ఆడగొఱ్ఱె. అభయారణ్యమని పేరున్నది, తుపాకి లేదు, ఐనా మంద లేదు. తరువాత ఇతర చోట్ల నుండి తెచ్చి వదలి మందను మరల నిలబెట్టినారు.

కొలరాడో సంగతి ఇంకా వింత. ఆ రాష్ట్రం 1887లోనే కొండగొఱ్ఱెల వేటను నిషేధించి, 1953 వఱకు నిషేధాన్ని కొనసాగించింది. అఱువది ఆఱు సంవత్సరాలు! ఆ నడుమనే రోగాలతో మందలు కృశించిపోయినవి. "వేట ఆపితే చాలు" అన్న నా మొదటి సిద్ధాంతానికి ఇక్కడ కాలు విరిగింది.

ఇక సంఘాల కథకు వద్దాం. అమెరికాలో వన్యప్రాణి రక్షణోద్యమానికి పునాది వేసినవారిలో వేటగాళ్ళు ముఖ్యులు. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ మొదలైనవారు బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు స్థాపించినారు. వేటలో మృగానికి తప్పించుకొనే అవకాశం ఉండాలనే నియమాన్ని ప్రచారం చేసినవారు వీరే. వీరికి తోడుగానూ ఎదురుగానూ నిలిచినవాడు విలియం హార్నడే. న్యూయార్క్ జంతు ప్రదర్శనశాల అధిపతి. 1907లో మెక్సికోలోని పినకాటె లావా భూములలో తానే కొండగొఱ్ఱెలను వేటాడినవాడు. 1913 నాటికి అంతరించిపోతున్న మృగాల గుఱించి పెద్ద గ్రంథం వ్రాసి, వేటగాళ్ళ మీదా తుపాకి వ్యాపారుల మీదా నిప్పులు చెరిగినాడు. మనిషి మారవచ్చునన్నమాట.

ఇక్కడ 1911 నాటి ఒక సంఘటన చెప్పక తప్పదు. పక్షి రక్షణకు ప్రసిద్ధమైన ఆడుబన్ సంఘాల జాతీయ సమాఖ్యకు తుపాకులు, తూటాలు తయారుచేసే కంపెనీలు ఏటా 25,000 డాలర్లు ఇస్తామన్నవి. పాలకవర్గం ముందు సరేనన్నది. సభ్యులు, పత్రికలు మండిపడేసరికి వద్దన్నది. ఆ కంపెనీలు అదే ఏట అమెరికన్ గేమ్ ప్రొటెక్టివ్ అసోసియేషన్ అనే వేరొక సంఘానికి పెట్టుబడి పెట్టినవి. సొమ్ము ఎవరిది, ఆ సొమ్ము నోరు కట్టివేస్తుందా అన్న వివాదం అప్పటి నుండి చల్లారలేదు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చి, తుపాకులు, తూటాల మీది 11 శాతం సుంకాన్ని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్ళించింది. వేటను అసహ్యించుకొనేవారు చూచి ఆనందించే మృగాల పోషణలో కూడా ఆ సొమ్ము ఉన్నదన్న మాట మఱువరాదు.

ఐతే అందఱూ తుపాకి పట్టినవారే కారు. 1936లో అరిజోనాలో ఫ్రెడరిక్ రస్సెల్ బర్న్‌హామ్ అనే వృద్ధ స్కౌటు ప్రేరణతో బాలచరులు ఎడారి గొఱ్ఱెల కోసం ఉద్యమం లేవదీసినారు. బడులలో చిత్రాల పోటీలు పెట్టినారు, ఉపన్యాసాలు ఇచ్చినారు. ఫలితంగా 1939 జనవరి 25న కోఫా, కబేసా ప్రియేటా అనే రెండు విశాలమైన అభయారణ్యాలు ఏర్పడినవి. ఈ భాగం చదివి వినిపించినప్పుడు మా మనవరాలి ముఖం వెలిగింది. "పిల్లలే చేశారా తాతయ్యా?" అని రెండుసార్లు అడిగింది.

గొఱ్ఱెలకే ప్రత్యేకమైన వేటగాళ్ళ సంఘాలు తరువాత వచ్చినవి. గ్రాన్సెల్ ఫిట్జ్ అనే రచయిత 1948లో ఒక పత్రికలో వ్రాస్తూ, నాలుగు తెగల పొట్టేళ్ళనూ వేటాడినవాని ఘనతకు చీట్లపేక నుండి 'గ్రాండ్ స్లామ్' అన్న పేరు తెచ్చి పెట్టినాడు. 1956లో ఆ పేరుతోనే ఒక క్లబ్బు పుట్టింది. నాలుగూ కొట్టినవారి వివరాలు నమోదు చేయడం దాని ముఖ్యమైన పని. 1977లో మరొక సంస్థ ఏర్పడింది. తరువాత వైల్డ్ షీప్ ఫౌండేషన్‌గా పేరు మార్చుకొన్నది. గొఱ్ఱెలు నశించిన కొండలకు వాటిని మరల చేర్చడం, రోగ పరిశోధనకు సొమ్ము సమకూర్చడం దీని లక్ష్యాలు. పైకి రెండూ వేటగాళ్ళవే. ఒకదానిలో పట్టిక పెద్దది, రెండవదానిలో పని పెద్దది అని నాకు తోచింది. ఐతే మొదటివారూ రక్షణకు సొమ్ము ఇస్తామంటారు, రెండవవారిలోనూ కొమ్ముల మోజు లేకపోలేదు. గీత అంత తిన్నగా లేదు.

వీరి నిధులకు మూలం వేలం. రాష్ట్రాలు ఏటా ఒకటి రెండు వేట అనుమతి చీటీలను ఇటువంటి సంస్థలచేత వేలం వేయిస్తవి. 2013లో మోంటానా రాష్ట్రపు ఒక్క చీటీ 4,80,000 డాలర్లు పలికింది. ఒక్క పొట్టేలును కొట్టుటకు! ఆ సొమ్ములో అధికభాగం చట్టప్రకారం గొఱ్ఱెల సంరక్షణకే పోతుంది. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, లెక్క మాత్రం కాదనలేకపోయినాను. దీనికి మారుమాట కూడా ఉన్నది. కెనడాలోని రామ్ మౌంటెన్ మంద మీద ముప్పై ఏళ్ళ పరిశీలనను 2003లో ప్రకటించినారు. పెద్ద కొమ్ములవాటినే ఏరి చంపుతూ పోతే తరతరానికీ కొమ్ములు చిన్నవవుతున్నవని అందులో తేలింది. గొప్పదానినే కోరే వేట గొప్పదనాన్నే కోసివేస్తున్నదన్నమాట.

వేటకు దూరంగా ఉన్న సంస్థల చరిత్ర కూడా మచ్చలేనిదని చెప్పలేను. కాలిఫోర్నియాలోని బిగ్‌హార్న్ ఇన్‌స్టిట్యూట్ 1982 నుండి ఎడారి గొఱ్ఱెల రోగాల పరిశోధన, పిల్లల పోషణ చేసింది. అది మెచ్చదగిన పని. అదే రాష్ట్రంలో 1990లో ప్రజలు ఓటు వేసి కొండసింహాల వేటను నిషేధించినారు. సియెర్రా నెవాడా కొండలలో గొఱ్ఱెలు వంద ప్రాంతానికి పడిపోయి 1999లో అత్యవసరంగా రక్షిత జాబితాకు ఎక్కినవి. అప్పుడు గొఱ్ఱెను కాపాడుటకు సింహాన్ని తొలగించవచ్చునని చట్టాన్ని సడలించవలసి వచ్చింది. ఏ ప్రాణినీ చంపరాదన్నవాడు అక్కడ ఏ ప్రక్కన నిలవాలి?

ఇద్దఱూ ఒకే మాట పలికిన చోటు కూడా ఉన్నది. అది రోగం. అడవి గొఱ్ఱెలను పెంపుడు మందల నుండి దూరంగా ఉంచాలని వేటగాళ్ళ సంస్థ కోరింది, వేటతో పనిలేని ప్రకృతి సంఘాలూ కోరినవి. ఐడహోలోని పాయెట్ జాతీయ అరణ్యంలో పెంపుడు గొఱ్ఱెల మేతను సుమారు 70 శాతం తగ్గించాలని 2010లో అటవీశాఖ నిర్ణయించింది. కాపరులు కోర్టుకు వెళ్ళినారు. 2016లో పై కోర్టు అటవీశాఖ నిర్ణయాన్నే నిలబెట్టింది. కాపరి కుటుంబాల బాధ కూడా బాధయే, దానిని చిన్నచేయను.

ఇది పరదేశపు గొడవ అనుకోకండి. మద్రాసు రాజధానిలో మనమూ భాగమై ఉన్న రోజులలో, 1877లో, నీలగిరిలో వేటగాళ్ళే ఒక సంఘం పెట్టుకొన్నారు. 1879లో అక్కడ వేట నియంత్రణకు చట్టం వచ్చింది. నీలగిరి వరయాడు అప్పటి తుపాకులను తట్టుకొని మిగలడానికి ఆ నియమాలు తోడ్పడినవి. కేరళలోని ఎరవికులం కూడా ఒకప్పుడు తేయాకు తోటల దొరలు వేటకై కాపాడుకొన్న భూమియే. 1978లో అది జాతీయ ఉద్యానమైంది. మఱొక చమత్కారం చూడండి. మేకగా చెలామణి అయిన ఆ వరయాడు జన్యురీత్యా గొఱ్ఱెలకే దగ్గఱి చుట్టమని 2005లో శాస్త్రజ్ఞులు తేల్చినారు.

వారం తరువాత మనవరాలిని కూర్చోబెట్టుకొని, "ఫలానావారికి ఇయ్యి అని నేను చెప్పను. మూడు ప్రశ్నలు చెప్తాను, రెండు సంఘాలనూ అడుగు" అన్నాను. మీ సొమ్ములో ఎంత కొండ మీదికి వెళుతుంది, ఎంత విందులకూ బిరుదులకూ పోతుంది? కొమ్ములు చిన్నవైన ఆడగొఱ్ఱెకు, పిల్లకు మీరేం చేసినారు? మీకు సొమ్మిచ్చేవారికి నచ్చని మాట గొఱ్ఱె కోసం ఎప్పుడైనా పలికినారా?

అది రెండు చోట్లకూ ఉత్తరాలు వ్రాసింది. వేటను వ్యతిరేకించేవారు అందమైన బొమ్మలతో ఒక అచ్చు కాగితం పంపినారు, ప్రశ్నలకు జవాబు లేదు. వేటగాళ్ళ స్థానిక సంఘం నుండి ఒక పెద్దాయన స్వయంగా ఫోను చేసినాడు. చలికాలంలో తాము గొఱ్ఱెలను లెక్కించే పనికి వెళ్ళడం, రోగపరీక్షలకు సాయపడటం ఇరవై నిమిషాలు చెప్పినాడు. మూడవ ప్రశ్నకు కాసేపు ఆగి, "తగినన్నిసార్లు పలకలేదమ్మా" అన్నాడట.

దాని అరవై డాలర్లూ వారికే వెళ్ళినవి. నేను కాదనలేదు. నా వంతుగా కొంత సొమ్ము, వేటతో సంబంధం లేకుండా గొఱ్ఱెల రోగ పరిశోధన చేసేవారికి మా అల్లునిచేత పంపించినాను. చంపేవాని చేతికి ఇవ్వడానికి నా మనస్సు నేటికీ ఒప్పుకోదు. అది నా సంస్కారం, దానిని శాస్త్రమని దబాయించను. "అయితే మన ఇంట్లోనే రెండు పార్టీలు!" అని అది నవ్వింది.

అరణ్యపర్వంలో కౌశికుడు ధర్మం తెలుసుకొనుటకు మిథిలకు వెళ్ళి, మాంసం అమ్మే అంగడి ముందు నిలబడతాడు. ఆ పాఠం ఎన్ని తరగతులకు చెప్పినానో లెక్క లేదు. ధర్మవ్యాధుని మాటలు అప్పగించడమే తప్ప, ఆ అంగడి ముందు నిలబడినప్పుడు కౌశికునికి ఎలా ఉండి ఉంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

మీరైతే ఎవరికి ఇచ్చేవారు? మీ అభిప్రాయం వ్రాస్తే మా మనవరాలికి చదివి వినిపిస్తాను.