నక్షత్ర తాబేలు: మన మెట్టనేలల పాతకాపు

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన తరువాత, ఎడమ కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి మనవారు సింధనూరు, మాన్వి తాలూకాలకు తరలివచ్చి క్యాంపులు కట్టుకొనిరి. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. 1956 నవంబరు 1న మైసూరులో చేరినది. ముళ్ళపొదలు కొట్టి, రేగడి చదునుచేసి వరి పండించిన ఆ కథ మన పెద్దలు చెప్పగా వింటూనే యున్నాము. పొదలు పోయిన పిదప వాటి నీడన బ్రతికే ప్రాణుల గతి ఏమైనదో మాత్రము మనలో ఎవరును అంతగా తలచుకొన్నట్లు లేదు. అటువంటి మెట్టనేలలనే ఇల్లు చేసికొన్న ప్రాణి నక్షత్ర తాబేలు.

కన్నడములో తాబేలును ‘ఆమె’ అందురు. బడిలో ఆ మాట నేర్చుకొని వచ్చిన మన పిల్లలు ఇంటిలో నవ్వని నవ్వు లేదు.

ఇది చెరువు తాబేలు కాదు. నల్లని బొప్పెల డిప్ప, ప్రతి బొప్పె నడిమి నుండి పసుపు చారలు. చేతిలోనికి తీసికొన్నచో అందముగా కనుపించు ఆ చారలే ఎండుగడ్డిలో దానిని కంటికి ఆనకుండ దాచును. డిప్ప ఎత్తు వలన వెల్లకిల పడినను సులభముగా తిరుగబడగలదు. ఎట్లు పెట్టినను తనంతట లేచి నిలుచు ‘గోంబోక్’ అను వస్తువును 2006లో తయారుచేసిన హంగరీ శాస్త్రజ్ఞులు డొమోకోష్, వార్కొన్యి గారలు, దానికి మిక్కిలి దగ్గరి పోలిక ఈ తాబేటి డిప్పలో చూచిరి.

కర్ణాటక తూర్పు మెట్టలు, రాయలసీమ, తమిళనాడు, సింహళము ఒకవైపు. గుజరాతు, రాజస్థాను, సింధు మరొకవైపు దీని నివాసములు. వేసవిలో పొదల క్రింద నక్కి, తొలకరి పడగానే ఉదయము, సాయంకాలము మేతకు వెడలును. గడ్డి, ఆకు, రాలిన పండు దాని ఆహారము. ఆడది వెనుక కాళ్ళతో గుంట త్రవ్వి కొద్ది గ్రుడ్లే పెట్టును. పిల్ల ఈడుకు వచ్చుటకు ఏళ్ళు పట్టును. అందుచే ఒకసారి తరిగిన సంతతి ఒకటి రెండు వానలకు కోలుకొనదు.

నాగలి కన్న పెద్ద ముప్పు సంచి. ఇంటిలో ఉన్నచో కలిసివచ్చునను నమ్మకము కొంత, విదేశములలో పెంపుడు ముచ్చట కొంత. మన దేశములోని ఒక్క వ్యాపార కేంద్రము నుండియే ఏటా 55,000కు తక్కువ కాకుండ పట్టుకొనిపోవుచున్నారని 2015లో పరిశోధకులు తేల్చిరి. శ్రీకాకుళము వద్ద శ్రీకూర్మములో కూర్మనాథుని కొలిచెడి జాతి మనది. ఆ మూర్తి పోలికగల ప్రాణిని అదృష్టము కొరకు గంపక్రింద మూయుట మాకు వింతగానే తోచును.

1972 వన్యప్రాణి చట్టము నాటి నుండియే దీనికి రక్షణ కలదు. 2022 సవరణ దీనిని మొదటి షెడ్యూలులోనికి తెచ్చినది. అంతర్జాతీయ వ్యాపారమును 2019లో జెనీవా సమావేశము నిషేధించినది. 2018లో సింగపూరు నుండి 51 తాబేళ్ళను విమానములో బెంగుళూరుకు చేర్చిరి. అయితే పట్టుబడినది ఏ సీమదో తెలియక ఎక్కడనో వదలుట కూడ చేటే. ఉత్తరపు సంతతి, దక్షిణపు సంతతి కలగలిసిపోవును, రోగములు అంటుకొనును. క్యాంపులలో ఎవరి ఇంటనైనను ఇది ఉన్నచో పొలము గట్టున విడువక, అటవీశాఖవారికే అప్పగింపవలెను.